థామస్ కుక్ జీవితము: సెలవుదినములును మద్యవర్జనమును

దూరదేశములకు యాత్ర చేయదలచినవారికి థామస్ కుక్ అను పేరు చిరపరిచితము. ఓడ టిక్కెట్టులు, హోటలు చీట్లు, పరదేశములలో సొమ్ము పుచ్చుకొను పత్రములు, వీనితో నా పేరు నూఱేండ్లకు పైగా పెనగొనియుండెను. ఆ పేరుగల మనుష్యుడు మొట్టమొదట యాత్రల వర్తకుడు కాడనియు, సెలవుదినమున కూలివాడు త్రాగకుండుటకు దారి వెదకుచు వెదకుచు పొగబండి యొద్దకు వచ్చి చేరిన మద్యనిషేధ ప్రచారకుడనియు నెఱిగినవారు తక్కువ. ఆతని వర్తకమును గూర్చి పెద్ద గ్రంథములు గలవు. ఇచ్చట ముఖ్యముగ జెప్పదలచినది యా మొదటి ప్రయత్నమును గూర్చియే.

ఆతడు 1808వ సంవత్సరము నవంబరు 22వ తేదీన ఇంగ్లండులోని డెర్బీషైరు మండలమున మెల్బోర్న్ అను చిన్న యూరిలో బీదకుటుంబమున జన్మించెను. తండ్రి జాన్ కుక్ కూలిపని చేయువాడు. పుత్రునకు ఐదేండ్లు నిండకమునుపే యాతడు గతించెను. తల్లి ఎలిజబెత్ మరల వివాహమాడెను. బాలుడు పదియవయేట బడి మాని కూరగాయల తోటలో దినమునకు ఒక పెన్నీ కూలికి కుదిరెను. పదునాలుగవయేట బంధువగు జాన్ పెగ్ యొద్ద చేరి తరిమెన పట్టు పనియు, బల్లలు పెట్టెలు చేయు పనియు నేర్చుకొనెను. చదువు బడిలో సాగకపోయినను ఆదివారపు పాఠశాలలో సాగెను. 1826 లో బాప్టిస్టు సంఘమున బాప్తిస్మము పొంది, 1828 లో నా సంఘమువారి పక్షమున గ్రామములకు బోయి బోధించు నుద్యోగమును స్వీకరించెను. 1829వ సంవత్సరమొక్కదానియందే యాతడు తిరిగిన దూరము 2,692 మైళ్ళు. అందు 2,106 మైళ్ళు కాలినడక. ప్రయాణములను సుకరము చేయుటయే జీవనవృత్తిగా గొన్న మనుష్యుని యౌవనమిట్లు నడచుటలో గడచెను.

సంఘమువారి యొద్ద సొమ్ము చాలమిచే జీతము నిలువగా నాతడు మరల తరిమెన యొద్దకు వచ్చెను. 1832 లో లీస్టరుషైరులోని మార్కెట్ హార్బరో పట్టణమున నివాసమేర్పఱచుకొని, మఱుసటి యేడు మార్చి 2వ తేదీన బారోడెన్ గ్రామపు రైతు కూతురైన మేరియన్ మేసన్ అను నామెను బెండ్లియాడెను. ఆమె గట్టి మనస్సు గలది. తరువాతి కథలో నామె పాలు చాల గలదుగాని చరిత్రకారులు దానిని తగినంత చెప్పరు.

ఇక నా కాలపు ఇంగ్లండు స్థితిని గొంచెము చెప్పినగాని కుక్ చేసిన పని యర్థము కాదు. జిన్ను అను నుగ్రమైన సారాయమును మాన్పించుటకు బీరు సుళువుగ దొరకునట్లు చేయుట మేలని యెంచి పార్లమెంటువారు 1830 లో నొక చట్టము చేసిరి. ఇంటిపన్ను చెల్లించు నెవ్వడైనను రెండు గిన్నీలు కట్టి బీరు దుకాణము పెట్టుకొనవచ్చునని దాని తాత్పర్యము. కొలదినెలలలోనే దేశమున ఇరువది వేలకు పైగా క్రొత్త దుకాణములు లేచెను. జిన్ను తగ్గినదియు లేదు. పనివాండ్రకు వారపు కూలిని పానశాలలోనే పంచిపెట్టు నాచారము పెక్కుచోట్ల నుండెను. గనిపనివారి విషయమున 1842 లోను, తక్కిన పనివారి విషయమున 1883 లోను చట్టము దీనిని నిషేధించినది. అనగా నంతవఱకును కూలి చేతబడుటయు త్రాగుటయు నొక్క గదిలోనే జరుగుచుండెనన్నమాట.

పనిదినములలో ఆకలియు మేస్త్రీయు మనుష్యుని గొంతవఱకు కట్టియుంచును. అపాయమంతయు సెలవుదినముననే. క్రిస్మసు, క్రొత్త సంవత్సరాది, ఈస్టరు, విట్సన్ పండుగ, ఊరూర జరుగు దేవాలయోత్సవములు, గుఱ్ఱపు పందెముల వారము, ఇవి వచ్చినంతనే కూలివాడు యిరుకైన చీకటి యింటిలో గూర్చుండలేక వెలుపలికి వచ్చును. వచ్చి యెక్కడికి పోవలెను? సామాన్యజనులకై యేర్పడిన యుద్యానవనములు లేవు. డెర్బీ పట్టణమున జోసెఫ్ స్ట్రట్ దానమిచ్చిన తోట 1840 లో దెఱచినప్పు డది యపూర్వ విషయముగ నెన్నబడెను. ఊరి పన్నుతో నడపు గ్రంథాలయములకు చట్టము 1850 లో గాని రాలేదు. వెలుతురును, మంటయు, పాటయు, వార్తాపత్రికయు, స్నేహితులును గలిసి యున్న చోటు పానశాల యొక్కటియే. అందు గూర్చుండుటకు గట్టవలసిన రుసుము గ్లాసెడు బీరు. త్రాగుబోతును నిందించువారు ఈ సంగతిని మఱచుచుందురు. కుక్ మఱవలేదు.

మద్యనిషేధోద్యమ మప్పుడే యుత్తర దేశమున బలపడుచుండెను. తొలుత నీ సంఘములవారు సారాయమును మాత్రము వర్జించి బీరును గ్రహింపవచ్చుననిరి. ప్రెస్టన్ పట్టణమున 1832 సెప్టెంబరు 1వ తేదీన జోసెఫ్ లివ్సీ మొదలగు నేడుగురు మనుష్యులు మత్తు గొల్పు సర్వపానీయములను విడుతుమని చేవ్రాలు చేసిరి. పూర్ణవర్జనమను మతము వీరితో వ్యాపించెను. మార్కెట్ హార్బరోలోని బాప్టిస్టు బోధకుడు ఫ్రాన్సిస్ బియర్డ్‌సాల్ కుక్కునకు గురుప్రాయుడు. ఆతని ప్రోత్సాహమున కుక్ 1833వ సంవత్సరము జనవరి 1వ తేదీన, అనగా దేశమంతయు నానంద పానములలో దేలుచుండు క్రొత్త సంవత్సరపు దినముననే, ప్రతిజ్ఞ గైకొనెను. ఇరువదినాలుగేండ్ల యువకుడు, పెండ్లికి రెండు నెలల ముందు, ప్రతి యింటను ప్రతి స్నేహితుడును పాత్ర చేతికందిచ్చు దినమున నీ పని చేసెను. ఆ ప్రతిజ్ఞ యెంత కఠినమో యా దినమే కొలిచి చూపియుండును.

తాను మానుటతో నాతడు తృప్తిపడలేదు. సభలు జరిపెను, ఊరేగింపులు నడపెను, చిన్నవారికొఱకు 1840 లో మద్యనిషేధ మాసపత్రిక నొకదానిని ప్రకటించెను. పానశాలల యజమానులకును, వారి ఖాతాదారులకును నిది కంటగింపయ్యెను. నిషేధవాదుల సభలపై రాళ్ళు రువ్వుట యా దినములలో నపూర్వము గాదు.

అయినను నాతనికి శత్రువులకంటె పంచాంగమే పెద్ద విఘ్నముగ నుండెనని చెప్పవచ్చును. వారమంతయు నిలిచిన ప్రతిజ్ఞ పండుగనాటి సాయంకాలమున నిలువదు. మాటలచే మాన్పబడినవాడు ఖాళీగ నున్నప్పుడు మరల జాఱును. సంఘములవారు దీనికి మందుగా టీ సభలను గనిపెట్టిరి. క్రిస్మసునాడును, విట్సన్ పండుగకును వందలకొలది స్త్రీపురుషులు బిడ్డలతోగూడ నొక పెద్ద శాలలో జేరి, రొట్టెయు వెన్నయు దిని, టీ త్రాగి, పాటలు పాడుకొందురు. స్త్రీలు పిల్లలు కూడ రాదగిన వేడుక యగుటయే దీనియందలి విశేషము. పానశాల వేడుక పురుషుని నింటినుండి వేఱుచేయును. ఇది యింటిని వెంటబెట్టుకొని పోవును. కాని శాలలో టీ త్రాగుట యెన్ని గంటలు? దినమంతయు నిండవలెను గదా.

1841వ సంవత్సరము జూను నెలలో నొకనాడు కుక్ లీస్టరులోని మద్యనిషేధ సభకు మార్కెట్ హార్బరోనుండి నడచిపోవుచుండెను. దూరము సుమారు పదునైదు మైళ్ళు. ఆ ప్రాంతమున మిడ్లండ్ కౌంటీసు రైల్వే నడవ మొదలుపెట్టి యప్పటి కొక యేడు మాత్రమైనది. ఈ క్రొత్త యంత్రమును మద్యనిషేధమునకేల యుపయోగింపరాదను తలపు త్రోవలో నాతనికి దోచెను. రాబోవు సభ లఫ్‌బరోలో జరుగవలసియున్నది. లీస్టరువారి నందఱిని ప్రత్యేకమైన బండిలో దీసికొనిపోయి దినమంతయు నచ్చట నుంచి తీసికొనివచ్చినచో నెట్లుండును? ఆ సాయంకాలపు సభలో నీ సూచన చేయగా జనులు సంతోషించిరి. కుక్ వెంటనే రైల్వే కార్యదర్శిని గలిసికొనెను, కంపెనీ యొప్పుకొనెను.

జూలై 5వ తేదీన దాదాపు 500 మంది లీస్టరు స్టేషనునొద్ద జేరిరి. పోయి వచ్చుటకు మనిషికి ఒక షిల్లింగు. బండ్లకు పైకప్పు లేదు. ముందు బ్యాండు వాయించుచుండ, వంతెనలమీదను గట్లమీదను జనులు నిలిచి చూచుచుండ, పదునొకండు మైళ్ళ దూరమును కొలది నిమిషములలో దాటిరి. అందులో పెక్కుమంది యెన్నడును పొగబండి నెక్కినవారు గారు. లఫ్‌బరోలో నూరేగింపు, పేజెట్ అను నాయన తోటలో భోజనము, ఆటలు, క్రికెట్టు, టీ, పిమ్మట నుపన్యాసములు. రాత్రి పదిగంటలు దాటిన పిమ్మట బండి లీస్టరు చేరెను. ఐదువందలమంది కొక సెలవుదినము మత్తు లేకుండ గడచెను. విసుగును లేకుండ గడచెను. రెండవ మాటయే ముఖ్యమని నా యభిప్రాయము.

సత్యము చెప్పవలెనన్న, పొగబండిలో విహారయాత్రలను మొదట బుట్టించినవాడు కుక్ కాడు. ముందటి యేడే నాటింగుహాము లీస్టరు పట్టణముల శిల్పవిద్యాసంఘములవా రొండొరుల పట్టణములకు బండ్లు నడపించిరి. కుక్ పేరు నిలిచినది యాతడు మానక చేసినందువలన. ఆ యేడే యాతడు లీస్టరునకు దన నివాసమును మార్చి ముద్రాపకుడును పుస్తకవిక్రేతయు నయ్యెను. 1842 మొదలు మూడు వేసవులు నిషేధసంఘములకును ఆదివారపు పాఠశాలలకును యాత్రలు నడపెను. అందు నాతడు లాభమాసింపలేదు.

ఈ యాత్రలలో 1843 నాటి దొక్కటి ప్రత్యేకముగ జెప్పదగినది. లీస్టరులో శరత్కాలమున గుఱ్ఱపు పందెముల వారము వచ్చును. అది యా పట్టణమున కొక మహోత్సవము. మిల్లులు సగము మూతపడును. మైదానమున త్రాగుడు గుడారములు, జూదము, కొట్లాటలు. పిల్లలు తండ్రులవెంట బోయి చూచి నేర్చుకొందురు. పందెములను మాన్పుట కుక్ వంటివారి తరము గాదు. ఆతడు పందెములను వ్యతిరేకించుచు గూర్చుండక, ఆదివారపు పాఠశాలల బాలబాలికలను వేలకొలదిగా బండ్ల కెక్కించి, యా వారముననే డెర్బీకి దీసికొనిపోయెను. ఆ పిల్లలకు పందెముల వారమనగా పొగబండి ప్రయాణమయ్యెను. త్రాగువాడు పుట్టకమునుపే వానిని తప్పించుట యనగా నిట్టిది. ఏ దేశపు సంతను జూచినవారికైనను దీని విలువ తెలియును.

ఆ దశాబ్దపు కఱవుకాలమును గుఱించి యొకమాట. ఇంగ్లండులో ధాన్యముపై సుంకము లెక్కువగ నుండి రొట్టె ప్రియమై బీదలు మాడుచుండిరి. కుక్ సుంకములకు వ్యతిరేకముగ పత్రిక నడపెను. ఉర్లగడ్డలను చౌకగ గొని చౌకగ నమ్మెను. ఆకలిగొన్నవాని నెత్తిమీద మద్యదోషములను గూర్చి యుపన్యాసము కుమ్మరించుట యాతని పద్ధతి గాదు.

1845 లో నాతడు తొలిసారి లాభము నపేక్షించి లివర్పూలునకు యాత్ర నడపెను. లీస్టరు, నాటింగుహాము, డెర్బీలనుండి జనులు విరివిగా వచ్చిరి. స్నోడన్ పర్వతమును సైతము కొందఱు చూచిరి. ఆ యుత్సాహమున 1846 లో 350 మందిని స్కాట్లండునకు దీసికొనిపోయెను. ఓడలో పడకలు చాలలేదు; జనులు వానలో దడిసిరి; గ్లాస్గోలో బ్యాండు మేళముతో నెదురుకోలు జరిగినను దారిలోని కష్టములను వారు మఱవలేదు. ఆ యేడే కుక్ దివాలా తీసెను. నిషేధవాదికి వ్యాపారము చేతగాదని నవ్విన వారుండియే యుందురు. ఆతడు మఱుసటి వేసవికే మరల స్కాట్లండునకు బండ్లు సిద్ధము చేసెను.

1851 లో లండను మహాప్రదర్శనము జరిగెను. దాని గాజుభవనమును నిర్మించిన జోసెఫ్ పాక్స్టన్ ప్రోత్సాహమున కుక్ తన కుమారుడు జాన్ మేసన్ కుక్ సహాయముతో మధ్యమండలములనుండి జనులను జేర్చుటకు బూనుకొనెను. కూలివాండ్రు సంఘములు గట్టి, వారమున కింతయని సొమ్ము కూడబెట్టి టిక్కెట్టు గొనునట్లు చేసెను. వారమువారము పానశాలకు బోవు కాసు డబ్బాలో బడెను. ఈ చిన్న యుపాయములో నెంత యుపదేశ మున్నదో చదువరులే గ్రహింతురు. కంపెనీల పోటీచే రానుపోను వెల యైదు షిల్లింగులకు దిగెను. కుక్ చేర్చినవారి సంఖ్య 1,65,000 అని యెన్నిక. ఇంతమంది శ్రామికులు రాజధానిలో జేరినచో దొమ్మీలు కలుగునని పెద్దమనుష్యులు ముందు భయపడిరి. ప్రదర్శనాధికారులు భవనములోపల సారాయమును, ద్రాక్షాసవమును, బీరును అమ్మరాదని కట్టడి చేసియుండిరి. మే మొదలు అక్టోబరు వఱకు 60 లక్షలకు పైబడిన దర్శనములు జరిగినను భయపడిన దొమ్మీ యొక్కటియు జరుగలేదు. నిషేధవాదుల వాదమున కింతకంటె బహిరంగమైన పరీక్ష యా శతాబ్దమున మఱియొకటి జరుగలేదనుట యత్యుక్తి గాదు.

లీస్టరులో 1853 లో మద్యనిషేధ సభాభవనము వెలసెను. దాని ప్రక్కనే కుక్ దంపతులు మద్యములేని హోటలు తెఱచిరి. ఆ కాలపు సత్రములన్నియు పానశాలలే. త్రాగనివాడు పరస్థలమున రాత్రి తలదాచుకొనవలెనన్న బీరు గది దాటి పోవలసినదే, మర్యాదకైనను గ్లాసు దెప్పించుకొనవలసినదే. హోటలును నడపినది మేరియన్. వంటయు, పడకలును, లెక్కలును ఆమె చూచుకొనెను. ప్రతిజ్ఞ చేసినవాడు ప్రయాణమున నిర్భయముగ నిద్రింపదగిన చోటు గల్పించుట వేయి కరపత్రములకంటె మేలు. (కరపత్రమున నీ మాట వ్రాయుట కొంత సాహసమే.)

తరువాతి కథ లోకవిదితము. 1855 లో ఐరోపాఖండ యాత్ర, 1863 లో స్విట్జర్లండు, 1864 లో ఇటలీ, 1869 లో ఈజిప్టు పాలస్తీనాలు. 1872 సెప్టెంబరులో నఱువదిమూడేండ్ల వృద్ధుడు చిన్న బృందముతో బయలుదేఱి అమెరికా, జపాను, చీనా, సింహళము, హిందూదేశములమీదుగ 222 దినములలో భూమిని జుట్టివచ్చెను. వారి కంపెనీ బొంబాయిలో 1881 లో కార్యస్థానము దెఱచెను.

ఇందు ముదమును సందేహమును గూడ గలవు. ఐరోపా యాత్రకు వచ్చువారు లఫ్‌బరో కూలివాండ్రు గారు, డబ్బుగల మధ్యతరగతివారు. వారినుండి ప్రతిజ్ఞ గోరుట సాధ్యము గాలేదు. పారిసులోను రోములోను హోటలు బల్లమీద ద్రాక్షాసవము వచ్చినప్పుడు వలదను నధికార మెవ్వరికి? సామాన్యుని వేడుకకై పుట్టిన యుపాయము ధనికుని విలాసమునకు మరలెను. అంతేకాదు. రైల్వే కంపెనీలు కుక్ చూపిన మార్గముననే చౌక బండ్లను గుఱ్ఱపు పందెములకును నడపినవి. సముద్రతీరపు పట్టణములలో సెలవుదినపు జనమునకై పానశాలలు బారులుతీఱినవి. 1871 లో బ్యాంకు సెలవుల చట్టము వచ్చి ఈస్టరు సోమవారమును క్రిస్మసు మఱునాడును అందఱికి సెలవులైనప్పుడు బండ్లు నిండినవి, బీరు పీపాలును ఖాళీయైనవి. పొగబండి మంచిచోటికిని చెడ్డచోటికిని సమానముగ బోవును. ఆ పట్టాలమీద దారి నిర్ణయించు మనుష్యుడు కావలెను. కుక్ వంటివా డూరి కొక్కడు లేడాయెను.

కుమారుడు జాన్ మేసన్ కుక్ గొప్ప కార్యదక్షుడు. వర్తకమును ధర్మకార్యములతో గలపరాదని యాతని మతము. తండ్రికి రెండును వేఱు గావు. ఈ భేదము ముదిరి 1878 లో తండ్రి వ్యవహారమునుండి తొలగెను. తప్పెవరిదో నిర్ణయించుట కష్టము. లెక్కలు చూచినవారు కుమారుని పక్షము వహింతురు. తండ్రి లెక్కచూడక పోయినందుననే 1841 నాటి బండి కదలినదని మఱువకుండుట న్యాయము.

ముసలితనమున నాతనికి సుఖము లేదు. 1880 నవంబరులో నొక్కతే కూతురు ఆనీ, లీస్టరులోని థార్న్‌క్రాఫ్టు అను తమ యింటి స్నానపు గదిలో, నీళ్ళు కాచు గ్యాసు యంత్రమునుండి వెలువడిన విషవాయువుచే మరణించెను. ఆమె వయస్సు ముప్పదియైదేండ్లు. 1884 లో మేరియన్ గతించెను. కన్నులు మందగించి కడపట చూపు పోయెను. అయినను జన్మస్థలమైన మెల్బోర్న్‌లో పేదవృద్ధుల నివాసమునకై 14 ఇండ్లను, ప్రార్థనాశాలను గట్టించెను. ఆ పని 1891 లో ముగిసెను. లఫ్‌బరో యాత్రకు సరిగా నేబదేండ్లు నిండిన యా సంవత్సరముననే కంపెనీవారు స్వర్ణోత్సవము జరిపిరి. 1892 జూలై 18వ తేదీన థామస్ కుక్ థార్న్‌క్రాఫ్టులో దేహము చాలించెను. లీస్టరులోని వెల్ఫర్డ్ రోడ్డు శ్మశానవాటికలో నాతని సమాధి గలదు.

వంశమువారు 1928 లో కంపెనీని విక్రయించిరి. పెక్కు చేతులు మాఱి యింగ్లండులోని యా సంస్థ 2019 సెప్టెంబరు 23వ తేదీన మూతపడెను. లీస్టరు స్టేషను వెలుపల 1994 లో నిలిపిన కుక్ విగ్రహము గలదు. అదే పట్టణమున గ్యాలోట్రీ గేటు వీథిలో కంపెనీవారు 1894 లో గట్టించిన భవనము ముఖభాగమున నాలుగు చిత్రఫలకములున్నవి. మొదటిదానియందు 1841 అను సంవత్సరము చెక్కబడియున్నది. దాని ప్రక్క పైకప్పులేని బండ్లలో లఫ్‌బరోకు బోవు జనము.